కొలెస్ట్రాల్‌కి టీకా వస్తుందంట, మరి మాత్ర ఆపేయొచ్చా?

"అన్నా, కొలెస్ట్రాల్‌కి టీకా వచ్చిండాదంట కదా. ఒక్కసారి ఏపించుకుంటే సరిపోతాదంట. మళ్ళా ఈ మాత్ర దేనికి?"

తిరుపతిలో మా మెడికల్ షాపుకు వచ్చిన ఒకాయన కౌంటర్ మీద చీటీ పెట్టి అడిగిన మాట ఇది. చీటీలో నాలుగు మందులున్నాయి. మూడింటికి టిక్కు పెట్టుకొచ్చాడు. నాలుగోది అటోర్వాస్టాటిన్ 40, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర. దాని మీద బాల్‌పెన్నుతో అడ్డగీత కొట్టి ఉంది. ఆ గీత కొట్టింది డాక్టరు కాదు, ఆయనే. ఏడాదిన్నర కిందట స్టెంట్ వేయించుకున్న మనిషి.

షాపు రద్దీలో ఆయనకు చెప్పగలిగింది కొంతే. "ఇది మాత్రం ఆపొద్దు సార్, డాక్టర్ని అడగండి" అని స్ట్రిప్పు చేతిలో పెట్టాను. మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి, చిత్తూరు నుంచి మందులకొచ్చే వాళ్ళూ ఫోను తీసి అదే వార్త చూపిస్తున్నారు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కొలెస్ట్రాల్‌ని తగ్గించే టీకా ఇంకా పరీక్షల్లోనే ఉంది. కొని వేయించుకునే మందుగా అది ఇంకా రాలేదు. ఈ రోజు మీ ముందున్నవి మాత్రలు, ఖరీదైన ఇంజెక్షన్లు, తిండి, నడక. ఎంచుకోవాల్సింది వీటిలోంచే.

సూది అంటే అన్నీ ఒకటి కాదు

ఫోన్లలో తిరిగే వార్తల్లో మూడు వేరువేరు మందులు ఒకే పేరు కింద కలిసిపోతున్నాయి. మొదటి రకం యాంటీబాడీ ఇంజెక్షన్లు. యాంటీబాడీ అంటే ఒంట్లో ఫలానా దాన్నే వెతికి పట్టుకునే ప్రొటీన్. ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ అని వాటి పేర్లు. 2015లో వచ్చాయి. రెండు వారాలకో నెలకో ఒకసారి చర్మం కింద వేసుకోవాలి. రెండోది ఇన్‌క్లిసిరాన్. మొదటి డోసు వేశాక మూడు నెలలకు ఇంకోటి, అక్కడి నుంచి ఆరు నెలలకొకటి. ఏడాదికి రెండు సూదులే కాబట్టి దీన్ని 'కొలెస్ట్రాల్ వ్యాక్సిన్' అని రాసేసినవాళ్ళు చాలామంది. అది వ్యాక్సిన్ కాదు. మూడోదే అసలైన టీకా, ఇంకా పరీక్షల్లో ఉన్నది.

మూడింటి గురీ ఒక్కదాని మీదే. మన కాలేయం తయారుచేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ మీద. దాని పనేంటో మన ఊరి లెక్కలో చెప్తాను. తిరుపతి నుంచి కొండకు బస్సులు తిరుగుతుంటాయి. జనాన్ని ఎక్కించుకుని పైన దించి, మళ్ళీ కిందికొచ్చి ఇంకో ట్రిప్పు కొడతాయి. కాలేయం కణాల మీదుండే ఎల్‌డీఎల్ రిసెప్టర్లు కూడా అలాంటి బస్సులే. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను పట్టుకుని కణం లోపల దించేసి మళ్ళీ బయటికొస్తాయి. ఒక్కో రిసెప్టరు ఇలా వందకు పైగా ట్రిప్పులు కొడుతుంది. కానీ పీసీఎస్‌కే9 అంటుకున్న బస్సు తిరిగి రాదు, లోపలే తుక్కైపోతుంది. బస్సులు తగ్గిన రోజు బస్టాండులో జనం ఎలా పేరుకుపోతారో, రక్తంలో ఎల్‌డీఎల్ అలా పేరుకుపోతుంది.

యాంటీబాడీ ఇంజెక్షను ఈ పీసీఎస్‌కే9ను రక్తంలోనే పట్టేస్తుంది. ఇన్‌క్లిసిరాన్ కాలేయంలో అది తయారు కాకుండానే అడ్డుపడుతుంది. టీకా అయితే, దాన్ని పట్టే యాంటీబాడీలను మన ఒంటి చేతే పుట్టించాలని చూస్తుంది. బయట తయారైన యాంటీబాడీ కొన్ని వారాల్లో అరిగిపోతుంది. ఒళ్ళు సొంతంగా తయారుచేసుకుంటే నెలల తరబడి ఉంటుంది, ఖర్చూ బాగా తగ్గుతుంది. టీకా మీద ఆశంతా అందుకే.

ఆ ఆశకు గట్టి ఆధారమే ఉంది. పీసీఎస్‌కే9 జన్యువు అతిగా పనిచేసే కుటుంబాల్లో కొలెస్ట్రాల్ విపరీతంగా పెరుగుతుందని 2003లో ఫ్రాన్స్ కుటుంబాల మీద జరిగిన పరిశోధనలో తేలింది. తర్వాత అమెరికాలోని డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం దీన్నే తిరగేసి చూసింది. ఆ జన్యువు పుట్టుకతోనే సరిగ్గా పనిచేయని నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ. గుండెజబ్బు ముప్పు మాత్రం ఏకంగా 88 శాతం తక్కువ. 2006లో ప్రచురించారు. పుట్టినప్పటి నుంచీ తక్కువగా ఉండటం వల్లే అంత తేడా. యాభై ఏళ్ళొచ్చాక సగానికి సగం తగ్గించినా అంత లాభం రాదు. చిన్న వయసులో ఒక టీకా వేసి ఏళ్ళ తరబడి కొద్దిగా తగ్గించి ఉంచగలిగితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఇక్కడే మొదలైంది.

మాత్ర సంగతి

స్టాటిన్ మాత్ర ఎంత పాతదంటే దానికి ఎవరూ విలువ ఇవ్వడం లేదు. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో బూజు జాతుల్లో వెతికి వెతికి మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నాడు. మొదటి స్టాటిన్ మాత్ర 1987లో అమ్మకానికి వచ్చింది. 1994లో వచ్చిన 4ఎస్ అనే పరీక్ష ఫలితంతో అనుమానాలు తీరిపోయాయి. గుండెజబ్బున్న 4,444 మందిలో సగం మందికి సిమ్వాస్టాటిన్, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఐదేళ్ళకు పైగా చూశారు. మందు తీసుకున్నవాళ్ళలో మరణాలు 30 శాతం తగ్గాయి. తగ్గింది రిపోర్టులో అంకె మాత్రమే కాదు, చావులు. టీకా ఇంకా ఈ మెట్టు దరిదాపుల్లోకి రాలేదు.

అటోర్వాస్టాటిన్ 10 వేసుకుంటే ఎల్‌డీఎల్ మూడో వంతుకు పైగా తగ్గుతుంది. 80 వేసుకుంటే సగం దాకా తగ్గుతుంది. డోసు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా వచ్చేది ఆరు శాతమే. దీనికి ఒక కారణం మళ్ళీ పీసీఎస్‌కే9. స్టాటిన్ బస్సుల సంఖ్య పెంచుతుంది గానీ, దానితో పాటు పీసీఎస్‌కే9 కూడా పెరుగుతుంది. అందుకే ఒక స్థాయి దాటాక డాక్టర్లు డోసు పెంచడం మాని పక్కన ఎజెటిమైబ్ కలుపుతారు. అది పేగుల్లో కొలెస్ట్రాల్ రక్తంలోకి ఎక్కకుండా చూస్తుంది. "ఒకటి చాలదని రెండు రాసినాడు, డబ్బుల కోసమే" అని కొందరు కౌంటర్ దగ్గర కోప్పడుతుంటారు. ఆ రెండోది రాయడానికి కారణం ఇది.

అందరూ చెప్పేది ఒళ్ళు నొప్పులు. నొప్పి అబద్ధమని నేనెప్పుడూ అనను. కానీ 2020లో బ్రిటన్‌లో సామ్సన్ అని ఒక పరీక్ష చేశారు. నొప్పుల్లాంటి బాధల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీ. నెలకొక సీసా. ఖాళీ సీసా నెలల్లో బాధలు తక్కువ. స్టాటిన్ నెలల్లోనూ ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ బాధలు దాదాపు సమానం. అంటే చాలామందిలో బాధ నిజమే, కానీ అది మందు నుంచి కాదు, మాత్ర వేసుకుంటున్నామన్న టెన్షన్ నుంచి వస్తోంది. ఈ ఫలితం చూపించాక సగం మంది మళ్ళీ మాత్ర మొదలుపెట్టారు. కండరాలు విపరీతంగా పట్టేసి, మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అది అరుదు, కానీ నిజమైన ప్రమాదం. స్టాటిన్ వల్ల కొద్దిమందిలో షుగర్ కాస్త ముందుగా బయటపడుతుందన్నదీ నిజం. గుండెకు ముప్పున్నవాళ్ళకు లాభం దాన్ని మించి ఉంటుంది.

ఇక మా చిన్నాయన. చంద్రగిరి అవతల మాకు కొంచెం మామిడితోట ఉంది, దాన్ని ఆయనే చూసుకుంటాడు. రిపోర్టులో ఎల్‌డీఎల్ 168 వస్తే డాక్టరు అటోర్వాస్టాటిన్ 20 రాశాడు. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే 92. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని "నార్మల్ వచ్చేసినాది రా" అని నాకు చూపించాడు. నేనూ సంతోషపడ్డాను. ఆ 92 మాత్ర వల్లే వచ్చిందనీ, ఆపితే మళ్ళీ 168కి పోతుందనీ రిపోర్టు ఇచ్చినచోట ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మాత్రల కోసం మా షాపుకు రాకపోతే ఇంటి దగ్గర కొంటున్నాడు కాబోలనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి ఛాతీలో మంట. గ్యాస్ అనుకుని సిరప్ తాగి పడుకున్నాడు. తెల్లారాక గానీ తిరుపతికి తీసుకురాలేదు. బతికాడు. కానీ గుండె పంపింగు ముందున్నంత లేదు. ఇప్పుడు తోటలో ఒక సాలు నడిచినా మధ్యలో చెట్టు కింద కూర్చోవాల్సిందే. ఇంట్లో బట్టల మడతల మధ్య ఆ పాత స్ట్రిప్పు దొరికింది. పదింట్లో ఆరు మాత్రలు వాడాడు, నాలుగు అలాగే ఉన్నాయి.

ఏడాదికొకసారి వేసే టీకా ఉంటే మా చిన్నాయనకు ఆపేసే అవకాశమే ఉండేది కాదు. అందుకే ఈ టీకా రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. రాకముందే వచ్చిందని నమ్మి ఇంకొకరు అలా కాకూడదనే ఇంత చెప్తున్నాను.

టీకా పరీక్షలు ఎక్కడిదాకా వచ్చాయి

కొలెస్ట్రాల్ కణాల మీద టీకాలాంటిది ఇచ్చి రక్తనాళాల్లో పూడిక తగ్గించవచ్చా అని 1959లోనే జంతువుల మీద చూశారు. 2000ల మొదట్లో హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్‌ను పెంచే టీకా ఒకటి మనుషుల దాకా వచ్చింది. సీఈటీపీ అనే ప్రొటీన్ దాని గురి. యాంటీబాడీలు పుట్టాయి గానీ హెచ్‌డీఎల్ చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత అదే సీఈటీపీ మీద పనిచేసే టోర్సెట్రాపిబ్ అనే మాత్రను దాదాపు 15 వేల మందిలో పరీక్షించారు. హెచ్‌డీఎల్ అంకె బ్రహ్మాండంగా పెరిగింది. కానీ మందు తీసుకున్నవాళ్ళలో మరణాలు ఎక్కువయ్యాయి. 2006 డిసెంబరులో పరీక్ష ఆపేశారు. "రక్తంలో అంకె బాగుపడింది" అన్న వార్త చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఎల్‌డీఎల్ టీకాల్లో ముందుగా మనుషుల దాకా వచ్చింది ఆస్ట్రియాలో తయారైన ఏటీ04ఏ. ఎలుకల్లో దాని ఫలితాలు 2017లో వచ్చాయి. మొత్తం కొలెస్ట్రాల్ 53 శాతం తగ్గింది, రక్తనాళాల్లో పూడిక 64 శాతం తగ్గింది. ప్రపంచమంతా వార్తలు రాసింది అప్పుడే, మన ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతున్నవి చాలావరకు ఆ వార్తలే. వియన్నాలో ఆరోగ్యంగా ఉన్న 72 మంది మీద చేసిన మొదటి దశ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. వాళ్ళను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏటీ04ఏ, ఒక జట్టుకు దాని తోబుట్టువు ఏటీ06ఏ, ఒక జట్టుకు ఉత్తుత్తి సూది. నాలుగు వారాల ఎడంతో మూడు డోసులు వేసి, ఏడాది దాటాక బూస్టరు వేశారు. ఏటీ04ఏ జట్టులో ఎల్‌డీఎల్ సగటున 7 శాతం తగ్గింది, బాగా పనిచేసిన వారాల్లో 11 నుంచి 13 శాతం. ఏటీ06ఏతో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు.

ఎలుకలో 53, మనిషిలో 7. వేపుళ్ళు తగ్గించి, వనస్పతి మాని, పప్పులు కూరగాయలు పెంచి తిండి గట్టిగా మార్చుకున్నవాళ్ళకు కూడా ఇంచుమించు అంత తగ్గుదల వస్తుంది. అలాగని ఆ పరీక్ష విఫలమైందని అనను. సూది వేసినచోట నొప్పి, వాపు లాంటివి తప్ప పెద్ద ప్రమాదం కనిపించలేదు, మన ప్రొటీన్ మీద మన ఒంటి చేతే యాంటీబాడీలు పుట్టించవచ్చని మనుషుల్లో రుజువైంది. మొదటి దశ చూసేది అదే. అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్ళది ఇంకో దారి. వైరస్‌లా కనిపించే ఖాళీ గుళిక మీద పీసీఎస్‌కే9 ముక్కల్ని అతికిస్తారు. రోగనిరోధక వ్యవస్థ దాన్ని వైరస్ అనుకుని గట్టిగా స్పందిస్తుంది. ఎలుకల్లోనూ కోతుల్లోనూ ఎల్‌డీఎల్ తగ్గింది, 30 శాతం దాకా అని 2023లో రాశారు.

ఆలస్యానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్దది. పోలియో టీకా బయటి శత్రువు మీద. ఈ టీకా మన సొంత ప్రొటీన్ మీద. సొంత ఒంటి మీదికి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పేటప్పుడు గీత దాటకుండా చూడాలి. అల్జీమర్స్‌కు ఏఎన్1792 అని ఇలాంటి టీకానే పరీక్షిస్తే, తీసుకున్న సుమారు 300 మందిలో 18 మందికి మెదడు వాపు వచ్చింది. 2002లో డోసులు ఆపేశారు. కొలెస్ట్రాల్ టీకాలో పీసీఎస్‌కే9 మొత్తం కాకుండా చిన్న ముక్కనే వాడి, దాన్ని బయటి ప్రొటీన్‌కు అతికించడం వెనుక ఉన్నది ఈ జాగ్రత్తే.

పైగా మాత్ర పడకపోతే రేపు ఆపేస్తే సరి. యాంటీబాడీ ఇంజెక్షను పడకపోయినా కొన్ని వారాల్లో దిగిపోతుంది. టీకా పడకపోతే లోపల పుట్టిన యాంటీబాడీలు వాటంతట అవి తగ్గేదాకా ఆగాల్సిందే. ఒక మనిషిలో బాగా పుడతాయి, ఇంకొకరిలో అంతంత మాత్రం. మాత్రకు డోసు పెంచినట్టు దీనికి పెంచలేం.

గుండెపోట్లు తగ్గాయని చూపించడానికి ఎంత పని పడుతుందో యాంటీబాడీ ఇంజెక్షన్లను చూస్తే తెలుస్తుంది. ఎవోలోక్యుమాబ్‌ను 27,564 మందిలో రెండేళ్ళకు పైగా పరీక్షించారు. ఎల్‌డీఎల్ 92 నుంచి 30కి దిగింది. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధమైన మరణం లాంటివన్నీ కలిపి చూస్తే 15 శాతం తగ్గాయి. 2017లో ఫలితాలు వచ్చాయి. టీకా కూడా ఒకరోజు ఈ పరీక్ష రాయాలి.

ఎవరికి ఏది

స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, బైపాస్ అయినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు: మీకు ఆలోచించే అవసరమే లేదు. స్టాటిన్ ఆపకండి. భారత కార్డియాలజీ సంఘం 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మీ ఎల్‌డీఎల్ 55 కన్నా తక్కువ ఉండాలి. ల్యాబు కాగితం మీద 'నార్మల్ 100 లోపు' అని అచ్చు వేసి ఉంటుంది, అది మీ లెక్క కాదు. 55కి రాకపోతే ఎజెటిమైబ్ కలుపుతారు. అప్పటికీ రాకపోతేనే ఇంజెక్షన్ల మాట. ఇన్‌క్లిసిరాన్‌తో ఎల్‌డీఎల్ సగం దాకా తగ్గుతుంది, మర్చిపోయే గొడవ ఉండదు. కానీ దాని ఖర్చు లక్షల మాట. గుండెపోట్లు ఎంత తగ్గిస్తుందో తేల్చడానికి పెద్ద పరీక్షలు వేరేగా పెట్టారు. మా చిన్నాయన లాంటి రైతుకు నేను దాన్ని సిఫారసు చేయను. నెలనెలా జనరిక్ మాత్ర, గోడ క్యాలెండర్ మీద గుర్తు, ఇంట్లో ఒకరి బాధ్యత. జనౌషధి షాపులో అయితే స్టాటిన్‌కు రోజుకు ఒక టీ ఖర్చు కూడా కాదు.

షుగర్, బీపీ ఉండి గుండెకు ఇంకా ఏమీ కానివాళ్ళకు అవే సూచనల్లో లక్ష్యం 70 లోపు. మన దేశంలో ఎక్కువగా నష్టపోతున్నది ఈ వరసవాళ్ళే. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా వాళ్ళకన్నా ఐదారేళ్ళు ముందే, 53 ఏళ్ళ దగ్గరే వస్తున్నట్టు తేలింది. టీకా కోసం ఐదారేళ్ళు ఆగుదామనుకుంటే, సరిగ్గా ప్రమాదం ఉన్న ఆ ఏళ్ళే గడిచిపోతాయి.

స్టాటిన్ నిజంగానే పడనివాళ్ళు కొద్దిమంది ఉన్నారు. డోసు తగ్గించి, మందు మార్చి, రోజు విడిచి రోజు వేసి చూశాక కూడా పడకపోతే బెంపెడోయిక్ యాసిడ్ అనే ఇంకో మాత్ర ఉంది. స్టాటిన్ పడని దాదాపు 14 వేల మందిలో దాన్ని చూశారు, 2023లో ఫలితం వచ్చింది. గుండె ప్రమాదాలు 13 శాతం తగ్గాయి. అది కండరాల్లో పనిచేయదు, కాలేయంలోనే పనిచేస్తుంది, అందుకే నొప్పులు తక్కువ. యూరిక్ యాసిడ్, గౌట్ ఉన్నవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

ముప్పై ఏళ్ళకే ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో నాన్నకో మేనమామకో నడివయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, అది తిండి వల్ల వచ్చింది కాదు. కుటుంబంలో దిగే జబ్బు, ప్రపంచంలో ఇంచుమించు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన వైపు మేనరికాలు ఎక్కువ. భార్యాభర్తలిద్దరికీ అదే లోపమున్న జన్యువు ఉంటే, పుట్టే బిడ్డకు రెండు వైపుల నుంచీ దిగే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి పిల్లలకు ఎల్‌డీఎల్ 400, 500 దాటుతుంది, మోచేతుల దగ్గర, మడమల దగ్గర పసుపురంగు బుడిపెలు కనిపిస్తాయి. వాళ్ళలో కొందరికి రిసెప్టర్లే ఉండవు. బస్సులే లేనప్పుడు వాటిని తుక్కుకు పంపేవాణ్ణి ఆపి లాభం లేదు. పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు వాళ్ళకు పనిచేయవు, రేపు ఈ టీకా వచ్చినా పనిచేయదు. ఇలాంటి కుటుంబాల వాళ్ళు మామూలు క్లినిక్కులతో సరిపెట్టుకోకుండా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో, చిత్తూరు వైపు వాళ్ళయితే వేలూరు సీఎంసీకో పిల్లల్ని కూడా తీసుకుని వెళ్ళాలి.

ఇక ఏ జబ్బూ లేక ఎల్‌డీఎల్ 120, 130 ఉన్న కుర్రవాళ్ళు. టీకా నిజంగా ఉపయోగపడితే ముందుగా మీ వయసు వాళ్ళకే. అందాకా బీడీ సిగరెట్టు మానడం, నడవడం. ఏడాదికొకసారి పరీక్ష. లైపోప్రొటీన్ ఏ అనేది వంశంలో దిగే ఇంకో రకం చెడు కొలెస్ట్రాల్ కణం. దాని పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు, అది 50 (ఎంజీ/డీఎల్) దాటితే మీ లెక్క మారుతుంది. రాగి సంగటి మంచిదే, పక్కన చెనిక్కాయల ఊరిబిండి కూడా మంచిదే. ఆదివారం నాటుకోడి పులుసు పైన తేలే నూనె మాత్రం పక్కకు తీయండి. నలభై దాటి షుగర్ బీపీ ఉన్నవాళ్ళు పరీక్ష చేయించుకోకుండా అలిపిరి మెట్లు ఎక్కొద్దు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసంతో పాటు ఛాతీ బిగిస్తే దాన్ని అలసట అనుకోకండి.

పరీక్షలో చేరమని అడిగితే

ఇలాంటి టీకా పరీక్షలు రేపు మన దేశంలోనూ జరగొచ్చు. చేరడం తప్పు కాదు, ఎవరో ఒకరు చేరబట్టే ఈ మందులన్నీ వచ్చాయి. కానీ మన తెలుగువాళ్ళం ఖమ్మం సంగతి మర్చిపోకూడదు. 2009, 2010ల్లో అక్కడ గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన కార్యక్రమంలో అంగీకార పత్రాల మీద చాలాచోట్ల తల్లిదండ్రులు కాక హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత విచారణలో బయటపడింది. అప్పటికీ ఇప్పటికీ నియమాలు గట్టిపడ్డాయి. 2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. నైతిక కమిటీ అనుమతి ఉండాలి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు 2009 నుంచి తప్పనిసరి. ఆ రిజిస్ట్రీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. నంబరు అడగండి, ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

కాగితం తెలుగులో అడిగి తీసుకుని ఇంటికి తెచ్చి చదవండి, అక్కడికక్కడ సంతకం వద్దు. ఇది ఎన్నో దశ, ఇప్పుడు వాడుతున్న స్టాటిన్ కొనసాగిస్తారా, ఆపమంటారా అని అడగండి. ఆపమంటే, స్టెంట్ ఉన్నవాళ్ళు మీ గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఒప్పుకోకండి. ఎన్నేళ్ళు గమనిస్తారో కూడా అడగాలి. పరీక్ష నుంచి ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీకుంది. కానీ టీకా వేయించుకున్నాక తప్పుకుంటే, సంతకం వెనక్కి వస్తుంది గానీ ఒంట్లో పుట్టినవి వెంటనే వెనక్కి పోవు. అందుకే తప్పుకున్నాక కూడా పరీక్షలు చేస్తారా అన్నది రాతపూర్వకంగా ఉండాలి.

గుండె కోసం ఈ రోజే టీకా వేయించుకోవాలని పట్టుదలగా ఉన్నవాళ్ళకు ఒకటుంది, మామూలు ఫ్లూ టీకా. గుండెపోటు వచ్చిన వెంటనే ఫ్లూ టీకా వేసి చూసిన ఐఏఎంఐ అనే పరీక్షలో సుమారు 2,500 మంది ఉన్నారు. మరణం, మళ్ళీ గుండెపోటు లాంటివి ఏడాదిలో 7.2 శాతం నుంచి 5.3 శాతానికి తగ్గాయి. 2021లో ఫలితం వచ్చింది. ఏడాదికొకసారి వేసుకోవాలి, ఇన్‌క్లిసిరాన్ ధరలో ఇది ఏ మూలకూ రాదు. స్టెంట్ ఉన్న ప్రతి ఒక్కరూ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఇది. మా షాపులో మాత్రం దీన్ని అడిగేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అడ్డగీత కొట్టుకొచ్చిన ఆయన నెల తర్వాత కొత్త చీటీతో వచ్చాడు. పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 74. ల్యాబు కాగితంలో అది నార్మలే, ఆయన లెక్కలో కాదు. డాక్టరు అటోర్వాస్టాటిన్ 40 అలాగే ఉంచి కింద ఎజెటిమైబ్ 10 రాశాడు. ఇప్పుడు చీటీలో ఐదు మందులున్నాయి. ఐదింటికీ టిక్కు ఉంది. డబ్బులిస్తూ, "ఫ్లూ సూది అని రాసినాడు వెనకవైపు, అది మీ దగ్గర దొరకతాదా?" అని చీటీ తిప్పి చూపించాడు.